అత్తయ్య గారి పన్నెండు కిలోమీటర్లు

మా అమ్మాయి వర్ష దృష్టిలో నేను వానలో, బురదలో, రోజుకు పన్నెండు కిలోమీటర్లు సైకిల్ తొక్కి చదువుకున్న మనిషిని. నిజానికి నాకు సైకిల్ రాదు. నలభై రెండేళ్లు వచ్చినా రాదు. అమెరికాలోని రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తూ రోజంతా ఇతరుల తప్పులు పట్టుకునే ఉద్యోగం నాది. అందుకే నా తప్పు ఎవరూ పట్టుకోరని ధీమాగా ఉండేవాణ్ణి.

ఆ పన్నెండు కిలోమీటర్లు మా అత్తయ్య గారివి. ఆవిడ పేరు జ్ఞానప్రసూన. గోదావరి కాలవ గట్టు మీద ఇరవై ఆరేళ్లు సైకిల్ మీద ఊరూరా తిరిగి, పురుళ్లు పోసి, పిల్లలకు టీకాలు వేసిన నర్సు. పెళ్లయిన కొత్తలో నా భార్య రేణు ఆ సంగతి ఎంతో గర్వంగా చెప్పింది. వర్ష రెండో క్లాసులో ఉండగా ఓ సాయంత్రం లెక్కల హోంవర్క్ చేయనని మొండికేసింది. వేరే ఉపాయం తోచక ఆ కథ ఎత్తుకున్నాను. "నీకు ఇంటి ముందుకే స్కూల్ బస్సు వస్తుంది. మరి నాకో?" అని మొదలుపెట్టాను. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని వింది, లెక్కలు చేసింది. ఇక్కడ పిల్లల్ని పెంచే మన తండ్రులందరి దగ్గరా ఇలాంటి కష్టాల కథ ఒకటి ఉంటుంది. పడ్డ కష్టాలేవీ లేక నేను అరువు తెచ్చుకున్నాను. పోనుపోను వాన చేర్చాను, పంక్చర్ చేర్చాను, చివరికి దారికి అడ్డంగా ఓ గేదెను కూడా పడుకోబెట్టాను.

2009 జూన్‌లో అత్తయ్య గారు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. వచ్చిన వారానికే ఫాదర్స్ డే. తొమ్మిదేళ్ల వర్ష తను చేసిన కార్డు నా చేతిలో పెట్టింది. లోపల సైకిల్ మీద మీసాల మనిషి, పక్కన గేదె.

"డాడీ, మనం స్నోక్వాల్మీ వ్యాలీ ట్రైల్ సైకిళ్ల మీద చేద్దాం. డువాల్ టు కార్నేషన్! ఇట్స్ జస్ట్ లైక్ యువర్ కెనాల్," అంది.

అక్కడితో ఆగకుండా అమ్మమ్మ వైపు తిరిగి నా వీరగాథ మొత్తం వినిపించింది. అత్తయ్య గారు చిక్కుడుకాయలు ఒలుస్తున్న చేయి ఆపి నన్ను చూశారు. భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. కానీ మాది మూడో అంతస్తు.

"అలాగా తల్లీ! పాపం, మీ నాన్నగారు ఎంత కష్టపడ్డారో," అన్నారు. నలుగురిలో అల్లుడి పరువు తీయడం ఆవిడకు చేతకాని పని.

స్నోక్వాల్మీ నది లోయలో డువాల్, కార్నేషన్ అనే ఊళ్ల మీదుగా పాత రైలు పట్టాలు తీసేసి వేసిన కంకర బాట అది. ఎత్తుపల్లాలు లేవు, కార్లు రావు. 'చిన్నపిల్లలున్న కుటుంబాలకు అనుకూలం' అని మ్యాప్ మీద రాసి ఉంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి. మోకాలు నొప్పి అన్నాను.

"కథ చెప్పేటప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?" అంది రేణు, పులిహోర కలుపుతూ.

పోనీ పులిహోర తీసుకుని కార్లో కార్నేషన్ వెళ్లి ఎదురుచూస్తానన్నాను. వర్ష ముఖం వాడిపోయింది. దాంతో నాకొక సైకిల్ అద్దెకు తెచ్చాం. అద్దెకిచ్చినాయన నా వాలకం చూసి, ఎక్కడం సులువని ఆడవాళ్ల సైకిలే ఇచ్చాడు.

మరుసటి ఆదివారం పొద్దున డువాల్‌లో మమ్మల్ని సాగనంపడానికి రేణు, అత్తయ్య గారు వచ్చారు. హెల్మెట్ బిగించి సైకిల్ ఎక్కాను. మూడు గజాలు వెళ్లి బ్లాక్‌బెర్రీ ముళ్లపొదలో పడ్డాను. వెనక రెండు బుల్లి చక్రాలున్న సైకిల్ మీద ఐదేళ్ల పాప ఒకతె గంట కొట్టుకుంటూ నన్ను దాటిపోయింది.

వర్ష పరుగెత్తుకొచ్చింది. "డాడీ, ఆర్ యూ ఓకే? ఎలా తొక్కాలో మర్చిపోయావా?"

"ఆ రోజుల్లో ఈ గేర్లూ అవీ ఎక్కడివమ్మా? మీ నాన్నగారికి అలవాటు తప్పిందంతే," అన్నారు అత్తయ్య గారు, నా మోచేతిలో ముళ్లు తీస్తూ.

నేను తల ఊపితే చాలు, గండం గడిచిపోయేది. కానీ ముల్లు తీస్తున్న ఆవిడ వేళ్లు చూశాను. అడక్కుండానే తన ఇరవై ఆరేళ్లూ నాకు ఇచ్చేస్తున్నారు. నాకు నిజంగా సిగ్గేసింది.

"వర్షా, నాకు సైకిల్ రాదు. అది అమ్మమ్మ కథ. నాదని నీకు అబద్ధం చెప్పాను," అన్నాను.

"ఆల్ ఆఫ్ ఇట్?"

"గేదె ఒక్కటే నాది."

వర్ష నవ్వలేదు. "సో నేను మ్యాథ్ చెయ్యాలని నువ్వు లై చేశావ్," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత నా వైపు చూడనే లేదు. "అమ్మమ్మా, నువ్వు వస్తావా?" అని అడిగింది.

అత్తయ్య గారు మొహమాటంగా నన్ను చూశారు. నా హెల్మెట్ తీసి ఇచ్చాను. చీర కుచ్చిళ్లు ఎగదోపి, సీటు కిందికి దింపించుకుని ఎక్కారు. మొదట కాస్త తూలారు. ఆపైన ఆ అరవై నాలుగేళ్ల మనిషి మనవరాలి పక్కన సాఫీగా సాగిపోయారు.

రేణు కారెక్కమంది. ఎక్కబుద్ధి కాలేదు, నడుస్తానన్నాను. ఒక పక్క నది, ఒక పక్క ఆవులు మేసే పచ్చిక. ఎదురొచ్చిన ప్రతివాళ్లూ నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పారు. ఇక వర్ష నా మాట ఏదీ నమ్మదనుకున్నాను.

మైలు దాటి నడిచాక వర్ష ఒక్కతే వెనక్కి వస్తూ కనిపించింది. అల్లంత దూరంలో చెక్క వంతెన మీద అత్తయ్య గారు ఆగి ఉన్నారు. వర్ష నా ముందుకొచ్చి కాలు నేలకు ఆనించింది.

"మరి నువ్వు స్కూల్‌కి ఎలా వెళ్లావ్? ట్రూత్ చెప్పు."

"రిక్షాలో. రెండు వీధుల అవతలే."

"అంతేనా?"

"రోజూ ఏడ్చేవాణ్ణి. దిగనని రిక్షా పట్టుకుని వేలాడేవాణ్ణి. లెక్కల మాస్టారంటే భయం. ఓసారి క్లాసులో నిక్కరు తడిపేసుకున్నాను." ఈ సంగతి రేణుకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

వర్ష నన్ను ఎగాదిగా చూసింది. "ఇది నీ స్టోరీయేనా? ప్రామిస్?"

"నాదే. ప్రామిస్."

సైకిల్ దిగి, దాన్ని నడిపించుకుంటూ నా పక్కన నడవసాగింది. కొంతదూరం వెళ్లాక, నన్ను చూడకుండానే అంది.

"నాకు కూడా మ్యాథ్ అంటే భయం, డాడీ."