కళ్ళు మూసుకుని ఎత్తిన చెయ్యి

కెనడాలోని విండ్సర్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఇంగ్లీషు చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేది. మొదట్లో నాలుగు కుటుంబాలం, మా ఇంటి బేస్‌మెంట్‌లో కూడుకునేవాళ్ళం. తర్వాత స్టూడెంట్లు రావడం మొదలైంది. ప్రతి సెమిస్టర్‌కీ కొత్త ముఖాలు. మా కార్లు రెండేసి ట్రిప్పులు వేసి వాళ్ళను తీసుకొచ్చేవి. మొదటి ఏడాది ఎంతో సంతోషంగా దేవునికి స్తోత్రాలు చెప్పాం. మూడో ఏడాదికి హాల్లో మా కుటుంబాల కంటే వాళ్ళే ఎక్కువయ్యారు. అప్పటినుంచి ఆ స్తోత్రాలు కొంచెం తగ్గాయి.

నేను హైస్కూల్ పిల్లలకు సండే స్కూల్ చెప్పేదాన్ని. ఆరుగురిలో నలుగురు నది అవతల అమెరికాలో, డెట్రాయిట్ వైపు పుట్టినవాళ్ళు. నా కూతురూ అంతే. మేము అక్కడ తొమ్మిదేళ్ళు ఉండి, గ్రీన్ కార్డు లైను కదలక, చివరికి వంతెన దాటి ఇటు వచ్చాం. పిల్ల అమెరికా పౌరురాలు. మేము కాదు. ఆ తొమ్మిదేళ్ళూ పన్నులు కట్టాం, ఎన్నికల రోజున ఇంట్లో కూర్చుని టీవీ చూశాం. ఒక చోట బతుకుతూ కూడా లెక్కలోకి రాకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పని చేశాను.

మా కీబోర్డు వాయించేది ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక స్టూడెంట్ అమ్మాయి. పగలు కాలేజీ, సాయంత్రాలు కాఫీ షాపులో పని. రెండేళ్ళు ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. నా క్లాసు పిల్లలకు పాటలన్నీ ఆమే నేర్పింది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి అడిగింది.

"ఆంటీ, నా పేరు మన సంఘం రిజిస్టర్‌లో రాయిస్తరా? మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అదే అడుగుతది. ఏ సంఘంల ఉన్నవ్ బిడ్డా, పేరు రాయించుకున్నవా అని."

నేను కమిటీలో ఉన్నాను కాబట్టి సంఘ పెద్ద గారితో మాట్లాడాను. ఆయన నవ్వారు.

"అమ్మా, వీళ్ళంతా వచ్చిపోయేవాళ్ళు. జాబ్ ఎక్కడ దొరికితే అక్కడికి పోతారు. ఇప్పుడు మెంబర్‌షిప్ ఇస్తే రేపు వీళ్ళే ఓటేసి పాస్టర్ గారిని మార్చేస్తారు. ఇక్కడ శాశ్వతంగా ఉండే పీఆర్ కార్డు వచ్చాకే మెంబర్‌షిప్ అని ఒక రూల్ పెట్టేద్దాం. ఎవరికీ బాధ ఉండదు."

పరదేశుల గురించి బైబిల్ వాక్యం ఎక్కడెక్కడ ఏం చెప్పిందో నా క్లాసు పిల్లలు వరుసగా అప్పజెప్పగలరు. నేర్పింది నేనే. అయినా సరేనని తల ఊపాను. మా బేస్‌మెంట్‌లో పుట్టిన సంఘం మా చేతిలోంచి జారిపోతుందని నాకూ భయంగానే ఉంది.

ఆ రూలు ఓటుకు పెట్టిన ఆదివారమే యూత్ సండే కూడా. పిల్లలు మాట్లాడాలి. "దేవుడు కోరే పౌరుడు" అని అంశం ఇచ్చాను. క్లాసులో ఒకడు, "ఆంటీ, అంకుల్స్ అందరికీ యూఎస్ మీద కంప్లైంట్సే. కార్లో చీప్‌గా గ్యాస్ కొట్టించడానికి మాత్రం ఎవ్రీ వీక్ బ్రిడ్జి దాటుతారు" అంటే అందరం పడీ పడీ నవ్వాం.

నా కూతురు నవ్వలేదు. రాసుకుంటోంది. ఇంటికి వచ్చాక చూశాను. ఇంగ్లీషులో రాసినదాని సారాంశం ఇది: నేను అమెరికన్‌ని. అందుకోసం నేను చేసిందేమీ లేదు, మా అమ్మకు నొప్పులు వచ్చిన రోజు మేము నదికి అటు పక్క ఉన్నాం. కీబోర్డు వాయించే అక్క రెండేళ్ళుగా ఈ సంఘంలో సేవ చేస్తోంది. ఆమె పేరు రాయడానికి మనకు చెయ్యి రాకపోతే, మంచి పౌరుల గురించి మాట్లాడే హక్కు మనకెక్కడిది?

పెన్ను తీసి ఆ పేరా కొట్టేశాను.

"వై? ఇట్స్ ట్రూ కదా మమ్మీ."

"నిజమే. చర్చిలో ప్రేమతో మాట్లాడాలి."

"సో ప్రేమ అంటే చెప్పకపోవడమా?"

"ఎదురు చెప్పకు. పెద్దవాళ్ళు ప్రార్థన చేసి నిర్ణయిస్తారు."

"దెన్ లెట్ దెమ్ హియర్ ఇట్ బిఫోర్ దే ప్రే."

ఆదివారం చదివింది. కొట్టేసిన చోటికి రాగానే ఆగి, నా వైపు చూసి, కాగితం తిప్పింది. అందరూ ఆమేన్ అన్నారు.

తర్వాత సంఘ పెద్ద గారు లేచారు. మా కూటాల్లో ఒక పద్ధతి ఉంది. ప్రభువుకు తమను అప్పగించుకునేవాళ్ళు తలలు వంచి, కళ్ళు మూసుకుని చేతులెత్తుతారు, వెనక సన్నగా సంగీతం వస్తుంటుంది. ఒకరినొకరు చూసి మొహమాటపడకుండా ఓటు కూడా అలాగే వేద్దామన్నారు. "సిస్టర్, కొంచెం మెల్లగా వాయించమ్మా" అని ఆ అమ్మాయికి చెప్పారు. ఆమె మొదలుపెట్టాక రూలు చదివారు. "ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

నేను ఎత్తాను. కళ్ళు మూసుకుని ఉంటే అది ప్రార్థనలాగే అనిపించింది. కీబోర్డు మీద ఒక్కచోట స్వరం తప్పింది. మళ్ళీ సర్దుకుంది.

"దేవునికి స్తోత్రం. ఏకమనస్సుతో ఒప్పుకున్నాం" అన్నారాయన.

కారులో నా కూతురు అంది: "యూ రెయిజ్డ్ యువర్ హ్యాండ్."

"నువ్వు కళ్ళెందుకు తెరిచావు? ప్రార్థనలో ఉన్నామని తెలీదా?" అని కసిరాను.

"అక్క కూడా తెరిచే ఉంది మమ్మీ. కీస్ చూడాలి కదా. షీ సా యూ."

మరుసటి ఆదివారం ఆ అమ్మాయి అందరికంటే ముందే వచ్చి, పాటలన్నీ వాయించింది. చివరి ఆమేన్ అయ్యాక కీబోర్డుకు గుడ్డ కప్పి, వైరు చుట్టిపెట్టి, నా దగ్గరకు వచ్చి పాటల నోట్‌బుక్ చేతిలో పెట్టింది.

"పిల్లలకు పనికొస్తది ఆంటీ. నాకు టొరంటో పక్కన ఏజాక్స్‌ల పని దొరికింది."

"అక్కడ కూడా మన తెలుగు సంఘాలు ఉంటాయమ్మా."

"చూస్తా ఆంటీ. పీఆర్ అడగనిది ఏదన్నా ఉంటే చేరుత." నవ్వుతూనే అంది. వందనాలు చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది. ఈ విషయమై ఎన్నో శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. ఫోన్ మాత్రం చేయలేదు. ఆ రూలు ఇంకా అలాగే ఉంది.

నా కూతురికి పద్దెనిమిది నిండాక అమెరికా ఎన్నికల బ్యాలెట్ పోస్టులో మా ఇంటికి వచ్చింది. భోజనాల బల్ల దగ్గర కూర్చుని నింపుతోంది. టీ కప్పు పెట్టడానికి దగ్గరకు వెళ్ళాను. చప్పున అరచెయ్యి కాగితం మీద పెట్టి తలెత్తింది.

"ఓటు వేస్తున్నా మమ్మీ," అంది. "కళ్ళు మూసుకో."