పసుపు దంచిన పొద్దున దొరికిన లోపం

పీహెచ్‌డీలో చేరి మూడేళ్లు దాటినా చెప్పుకోదగ్గ ఫలితం ఒక్కటీ లేదు. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాంలకు తిక్కతిక్క ఫైళ్లు తినిపించి, అవి ఎక్కడ తడబడతాయో పట్టుకునే పనిముట్టు ఒకటి తయారుచేశాను. దొంగలు చొరబడే సందులు అలాగే బయటపడతాయి. నాకు మాత్రం ఒక్కటీ దొరకలేదు. "ఇంకో అంశం ఆలోచించమ్మా" అని గైడ్ గారు మెత్తగా అన్న వారంలోనే గూడూరులో మా చిన్నాన్న కూతురి పెళ్లి వచ్చింది.

ఆ పొద్దున వాకిట్లో ఆడవాళ్లు పాటలు పాడుతూ పసుపు దంచుతున్నారు. లోపల బియ్యం బస్తా మీద నా లాప్‌టాప్ తన పని తాను చేసుకుపోతోంది. అలవాటుకొద్దీ తొంగిచూశాను. ఎర్ర అక్షరాలు! నేను పరీక్షిస్తున్న కంపెనీ ప్రోగ్రాం కుప్పకూలింది. నమ్మలేక అదే ఫైలు మళ్లీ ఇచ్చాను. మళ్లీ కూలింది. కెవ్వుమన్నాను.

పెద్దమ్మ రోకలితో సహా ఉరికొచ్చింది. "ఏడుందే పాము?"

"పాము కాదు పెద్దమ్మా, కూలిపోయింది!"

"ఏ గోడనే?"

వెనకే వచ్చిన అత్తలంతా పైకప్పు వైపు చూశారు. నేను నవ్వుతూ నేల మీద చతికిలబడ్డాను.

గైడ్ గారికి ఫోన్ చేశాను. ఎన్నడూ గొంతు పెంచని మనిషి. "ప్రోగ్రాం తన హద్దు దాటి పక్క మెమొరీలో రాస్తోందా?" అని అడిగారు.

"రాస్తోంది సార్! దొంగలు దూరేంత సందు!"

అంతే, ఫోన్లో ఈల! ఆయనకు ఈల వేయడం వచ్చని అప్పుడే తెలిసింది.

"గదేందో కూలగొట్టి గింత సంబురమేందే?" అంది పెద్దమ్మ.

"దొంగలకంటె ముందుగాల మనం చూసినం పెద్దమ్మా. ఆ కంపెనోళ్లకు చెప్పి బాగ చేయిస్తం."

"ఏమో గని, నీ మొకం గిట్ల ఎలగంగ ఎన్నడు సూడలే," అంటూ రెండు బుగ్గలకూ పసుపు పామింది. డప్పులు మొదలయ్యాయి. పెళ్లికూతురు నన్ను వాకిట్లోకి లాక్కుపోతే, ఊపిరాడనంతగా ఎగిరాను.

లోపం సంగతి రాసి ఆ మధ్యాహ్నమే కంపెనీకి పంపాను. జవాబు సరిగ్గా అప్పగింతలప్పుడు వచ్చింది: లోపం నిజమే, సరిచేస్తున్నాం, కృతజ్ఞతలు. చుట్టూ అందరూ ముక్కులు చీదుతుంటే నేను పళ్లికిలిస్తున్నాను. పెద్దమ్మ గట్టిగా గిల్లింది. "జర ఏడ్వే, మగపెండ్లోల్లు సూస్తున్నరు!"

నా వల్ల కాలేదు. నన్ను చూసి పెళ్లికూతురు కూడా ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వేసింది.