నేను పెట్టిన కెకోఫనీ అర్జీ

మాది పురసవాక్కంలో పాత అపార్ట్‌మెంట్. రోజూ ఉదయం ఆరుంపావుకు మేడ మీద నడుస్తుంటే కింద నుంచి కీచురొద వచ్చేది. ఇరవై రోజులు అది ఎన్ని నిమిషాలు మోగుతోందో లెక్కపెట్టి, కింది వాటా సరోజ కుట్టుమిషన్లు తీయించాలని అసోసియేషన్‌కు అర్జీ ఇచ్చాను. అందులో ‘కెకోఫనీ’ అని రాసి, గ్రీకులో ‘కకోస్’ అంటే చెడ్డ, ‘ఫోనే’ అంటే ధ్వని అని మీటింగులో వివరించాను కూడా.

“ఆ టైముకు నేను మిషనే ముట్టనన్నా! అవి తీసేస్తే ఎట్లా బతికేది?” అంది సరోజ.

మర్నాడు ఉదయం అందరం చప్పుడు వెంటే వెళ్లి మా తలుపు ముందే ఆగాం. లోపల మా గ్రైండరు!

“బెల్టు మార్చమని ఆరు నెలలుగా చెప్తానే ఉండా గదా!” అంది మా ఆవిడ.

“ఇదేనా అన్నా, మీ గ్రీకు చప్పుడు?” అని సరోజ పకపకా నవ్వింది.

చేతులు జోడించి క్షమాపణ చెప్పుకున్నాను. అన్ని రోజులు లెక్కపెట్టినవాణ్ని, ఒక్కసారి మేడ మీద నుంచి మా వాటాకు రెండంతస్తులు దిగి చూసి ఉంటే సరిపోయేది.