ముక్కు కోసం కుట్టిన చొక్కా

మా చిన్నతాత దర్జీ. మనిషి రేపు లావెక్కుతాడేమోనని ఏది కుట్టినా కాస్త వదులు ఉంచడం ఆయన అలవాటు. ఆయన కుట్టిన కోటు జేబులో ఓ కోడి పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని బయటికొచ్చిందని చెప్పుకునేవారు. కోడిని నేను చూడలేదు, పిల్లల్ని చూశాను.

పోయిన ముక్కును మళ్లీ తయారుచెయ్యడం ఆ రోజుల్లో మా ఊరి డాక్టర్లకే కొత్త. మా వీధి బండివాడి ముక్కును అతని గుర్రమే కొరికేసింది. ముఖానికి గుడ్డ కట్టుకుని తోలితే, దొంగేమోనని ఎవరూ బండెక్కేవారు కాదు. పెద్దాసుపత్రి డాక్టరు అతని ఎడమ జబ్బ మీది చర్మాన్ని ఒక అంచు చేతికే ఉంచి లేపి, రెండో అంచును ముక్కు దగ్గర కుడతానన్నాడు. ముఖంలోని రక్తం ఆ చర్మంలోకి పారేదాకా చెయ్యి తలకు ఆనించే ఉంచాలి. ఇసుమంత జరిగినా చర్మం చచ్చిపోతుంది. అందుకని చేతిని తలకు బిగించి పట్టే టోపీతో కలిపిన చొక్కా ఒకటి కుట్టమని చిన్నతాతకు చెప్పారు.

"వేలు దూరే సందు కూడా ఉండకూడదు," అన్నాడు డాక్టరు.

కొలతలప్పుడు బండివాడి భార్య చిన్నతాతను పక్కకు పిలిచింది. "బాబాయ్, అన్నేసి రోజులు బిగించేస్తే మనిషి ఏమైపోతాడు? కాస్త ఊపిరాడనివ్వు."

"నాకు తెలీదటే పిచ్చిదానా," అని ఆయన చంక దగ్గర ఎవరికీ కనబడకుండా బొటనవేలంత వదులు పెట్టాడు.

ఆపరేషనైన కొద్దిరోజులకే బండివాడికి తుమ్మొచ్చింది. ఆ వదుల్లో చెయ్యి జారింది, కుట్లు తెగాయి. చర్మం నల్లబడిపోయింది.

డాక్టరు మండిపడ్డాడు. "కదలొద్దంటే కదిలావు. రెండో చెయ్యి కూడా పాడు చెయ్యలేను. రేపు ఇంటికెళ్లు."

"తప్పు నాదేనండి," అన్నాడు బండివాడు.

చిన్నతాత అక్కడే, మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నోరు విప్పలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"ఏమిటా వాలకం, గుర్రం మిమ్మల్నీ కొరికిందా?" అంది చిన్ననాయనమ్మ.

"కొరికినా బావుండేది," అని ఆయన ఉన్నదంతా చెప్పాడు.

"నాకు చెప్పి ఏం లాభం? నేనేమన్నా డాక్టర్నా?"

మర్నాడు ఆసుపత్రికి వెళ్లేసరికి భార్యాభర్తలు మూట కట్టుకుంటున్నారు. చిన్నతాత డాక్టరు ముందు చొక్కా పరిచి, చంక దగ్గర కుట్టు విప్పి లోపలి మడత చూపించాడు. "కదలనిచ్చింది నేనండి."

డాక్టరు మడతలో వేలు పెట్టి చూశాడు. "నిన్న నువ్వూ ఇక్కడే ఉన్నావుగా," అన్నాడు. చిన్నతాతకు తల కొట్టేసినట్టయింది.

"నేనే అడిగానండి," అని భార్య అడ్డొచ్చింది.

"నువ్వడిగావమ్మా. కుట్టింది నేను."

బండివాడు మూట పక్కన పెట్టాడు. తర్వాత కుడిచెయ్యి చాపాడు. "కొలత తీసుకో మామా. ఈసారి నేను ఏడ్చినా వినకు."

కుడి జబ్బ చర్మంతో డాక్టరు మళ్లీ కుట్టిన ఆ ముక్కు నిలిచింది. ఉడికిన బంగాళాదుంపలా ఉన్నా ముక్కు ముక్కే. గుర్రం దాన్ని వాసన చూసి, వద్దులే అన్నట్టు మొహం తిప్పుకుందట. జనం మళ్లీ బండెక్కారు.

బయటి డాక్టర్లు ఎవరొచ్చినా మా డాక్టరు బండివాడి చొక్కా విప్పించి చూపించేవాడు, చిన్నతాతనూ పిలిపించేవాడు. అందరూ ముక్కును మెచ్చుకుంటుంటే ఆయన అటు చూసేవాడు కాదు. ఆయన కళ్లు బండివాడి ఎడమ జబ్బ మీది మచ్చ దగ్గరే ఉండిపోయేవి. అక్కడి చర్మం దేనికీ పనికిరాకుండా పోయింది.