రెడ్డెప్పన్న కర్రతో జరిపిన తెల్ల బంతి

2022. చిత్తూరులో మా క్లబ్బులో బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట పోటీలకు నేనే రెఫరీని. ఆదివారం ఉదయం చర్చిలో వాక్యం చెప్పి, మధ్యాహ్నం టేబుల్ దగ్గర నిలబడేవాణ్ణి.

రెడ్డెప్పన్న తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపి రిటైరైన మనిషి. చేతికి వణుకు జబ్బు. నలుగురిలో కాఫీ గ్లాసు పట్టుకోవడానికి కూడా సిగ్గుపడేవాడు. బంతిని కొట్టే కర్రను టేబుల్ మీద ఆనించి వంగితే మాత్రం వణుకు అణిగేది. జబ్బు మరిచి ఆయన మనుషుల్లో నిలబడే చోటు అదొక్కటే.

పూల్‌లో ఎదుటివాడు ఫౌల్ చేస్తే మనకు ‘బాల్ ఇన్ హ్యాండ్’ వస్తుంది. అంటే తెల్ల బంతిని టేబుల్ మీద ఇష్టమైన చోట పెట్టుకుని కొట్టొచ్చు. పెట్టేటప్పుడు అది వేరే బంతికి తగిలితే ఫౌల్. క్లబ్బులోనే మరో ఆటగాడు బాషాతో ఆడుతున్న రోజు రెడ్డెప్పన్నకు ఆ అవకాశం వచ్చింది. ఆయన బంతిని వేళ్లతో పట్టుకోకుండా, కర్రతో మెల్లగా జరిపాడు. మా క్లబ్బులో అందరూ చేత్తోనే పెట్టేవాళ్లు; కర్ర తగిలితే అది షాట్ కిందే లెక్క. ఫౌల్ అన్నాను.

ఆయన వాదించలేదు. “పట్టలేకనే కదప్పా జరిపింది” అని మాత్రం అన్నాడు. ఆట ఓడి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఆయన భార్య సుగుణమ్మ సంతలో కనబడి, కర్రను అటకెక్కించేశాడని చెప్పింది.

ఆ మాట నన్ను వదల్లేదు. రూల్స్ పుస్తకం తీసి చదివాను. చేత్తోగానీ, కర్రలో ఏ భాగంతోగానీ బంతిని జరుపుకోవచ్చట. షాట్ కొట్టినట్టు ముందుకు పొడిస్తేనే ఫౌల్. అన్నేళ్లు జేబులో పెట్టుకు తిరిగిన పుస్తకం అది. ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి గలవాణ్ణి, ఏ పనీ చేయరాదన్న విశ్రాంతి దినాన ప్రభువు బాగుచేసిన సంగతి నేను ఎన్నిసార్లు బోధించానో. రూలు తప్పాడని ఆయన్ను పట్టుకోవాలని పొంచి చూసినవాళ్లను ఎంతగా విమర్శించానో. మోకాళ్ల మీద పడి ఏడ్చాను.

మరునాడు వాళ్లింటికి వెళ్లి, తప్పు నాదని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూశాడు.

“జాలికి చెప్తా ఉండావా?”

పుస్తకం ఇచ్చాను. ఆయన చేతిలో అది ఊగుతుంటే సుగుణమ్మ పట్టుకుంది. రెండుసార్లు చదివాడు.

“ఈయన్ని రేపే తీసకపో అన్నా,” అంది సుగుణమ్మ. “కాఫీలో చక్కెర ఎక్కువైనా నాకు ఫౌల్ పెడతా ఉండాడు.”

బాషా ఆ ఆట మళ్లీ ఆడటానికి సంతోషంగా ఒప్పుకున్నాడు. బంతులన్నీ గుర్తున్నంతలో ఆనాటి చోట్లలోనే పెట్టాం. అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. రెడ్డెప్పన్న కర్రతో తెల్ల బంతిని జరపసాగాడు. చివర్లో చెయ్యి అదిరి, అది పక్క బంతిని వెంట్రుకంత తాకింది. దగ్గరగా నిలబడ్డ నాకు తప్ప ఎవరికీ కనబడలేదు. చూపు పక్కకు తిప్పుకున్నాను.

ఆయన తలెత్తాడు. “సూసినావు కదా. చెప్పప్పా.”

“ఫౌల్” అన్నాను.

ఆయన హాయిగా నవ్వి బాషాకు దారిచ్చాడు. ఆ ఆట కూడా ఓడాడు. పోతూ పోతూ, వచ్చే ఆదివారం ఎన్ని గంటలకని అడిగాడు.

రూలు పూర్తిగా చదవకుండా ఎవరి మీదా వేలెత్తకూడదని ఆ ఏడాది నేర్చుకున్నాను. చదివాక, ప్రేమ ఉన్న చోట కూడా కళ్లెదుటి తప్పును దాచకూడదని రెడ్డెప్పన్న నేర్పాడు. అందరితో సమానంగా తనకూ ఫౌల్ ఇచ్చే గౌరవం కోసమే ఆయన అటక మీది కర్రను దించాడు.