ఇంట్లో పెద్దవాళ్ళున్నారా?

ధవళేశ్వరంలో కాలవగట్టు పక్కన మేడమీద వాటా అద్దెకు అడగడానికి అమ్మా, మా ఆయనా, నేనూ కలిసే వెళ్ళాం. ఇంటావిడ అడిగే ప్రశ్నలకు ముందే సిద్ధపడి వెళ్ళాను. మాంసం వండుతారా, మోటారు ఎన్నిసార్లు వేస్తారు, చుట్టాలు తరచూ వస్తారా. అన్నీ అయ్యాక, "అమ్మగారి ఆరోగ్యం బాగానే ఉంటుందాండి?" అని కూడా అడిగింది. ఎంత మంచి మనిషో అనుకున్నాను. నా తెలివి అలా తగలడింది.

రెండో ఏడు అమ్మకు లివరు పాడైంది. రాజమండ్రి డాక్టరు ఇక చేసేదేమీ లేదన్నాడు. అమ్మ ఒక్కటే కోరింది. "ఆ ఆస్పత్రి వాసనలో మాత్రం నన్ను పోనివ్వకే." ఇంటికి తీసుకొచ్చేశాం.

మర్నాడు పొద్దున్నే ఇంటావిడ గిన్నెడు పెరుగుతో పైకొచ్చింది. అమ్మను చూసి, నన్ను వరండాలోకి పిలిచింది.

"ఎన్నాళ్ళన్నారండి?"

"చెప్పలేమన్నారు పిన్నిగారూ."

"అలాగంటే ఎలాగండి. వచ్చే వారమంతా చెడ్డ నక్షత్రాలు. వాటిలో పోతే ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలి. కింద మేమెక్కడికి పోతాం? తరవాత ఈ వాటాలోకి ఎవరొస్తారు?"

అప్పట్నుంచి ఆవిడ కేలండరు చూసుకునే మేడెక్కేది. మంచి నక్షత్రమైతే పెరుగు, పలకరింపు. చెడ్డదైతే గుమ్మంలోనే నిలబడి, అమ్మ డొక్కలు ఎగరడం కాసేపు చూసి దిగిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ గిన్నె ఆవిడ నెత్తిన బోర్లించాలనిపించేది. ఖాళీ చెయ్యమంటుందేమోనన్న భయంతో శుభ్రంగా కడిగి ఇచ్చేదాన్ని.

అమ్మకూ ఆ పట్టింపు ఉంది. మాట సరిగ్గా పెగలని స్థితిలో కూడా, "ఇవాళ నక్షత్రం ఏంటే?" అని అడిగేది. రోజూ మంచిదేనమ్మా అని చెప్పేదాన్ని. ఒకరోజు నేను వంటింట్లో ఉండగా ఇంటావిడ మంచం దగ్గరికే వెళ్ళి, ఉన్న సంగతి చెప్పేసింది. నేను వచ్చేసరికి అమ్మ లేచి కూర్చోవడానికి అవస్థ పడుతోంది.

"పరాయివాళ్ళ కొంప మూయించకూడదే. ఆస్పత్రికి తీసుకుపో."

"నువ్వే వద్దన్నావు కదమ్మా."

"అన్నానులే. ఆటో పిలు."

ఆటో ఎక్కేటప్పుడు ఇంటావిడ గేటు తీసి పట్టుకుంది. జాగ్రత్తండి, కుదుపులు లేకుండా తీసుకెళ్ళమనండి అని కూడా చెప్పింది. ఆస్పత్రిలో మంచం దొరకలేదు. అమ్మ వరండాలో స్ట్రెచరు మీదే ఉండిపోయింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టమని అడుగుతూ ఉంది. తెల్లవారుజామున పోయింది.

అద్దె ఇంటికి శవాన్ని రానివ్వరని మాకు తెలుసు. అక్కణ్ణుంచి తిన్నగా రేవుకే తీసుకెళ్ళాం. అన్నీ అయ్యాక తడిబట్టలతో గేటు దగ్గరికొస్తే ఇంటావిడ ఎదురొచ్చింది. కళ్ళు తుడుచుకుంది. నిజంగానే ఏడ్చినట్టుంది.

"ఎప్పుడు పోయారండి?"

"తెల్లవారుజామున."

వేళ్ళ మీద లెక్క చూసుకుంది. "అయ్యో, రాత్రితోనే చెడ్డ నక్షత్రాలు వెళ్ళిపోయాయండి. ఇది మంచిదే. ఇంట్లోనే ఉంచుకోవాల్సింది."

ఆవిడను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

నెల తిరక్కుండా కడియంలో ఇల్లు చూశాం. ఇంటాయన కుండీలకు నీళ్ళు పోస్తూనే అవే ప్రశ్నలు వేశాడు. మాంసం, మోటారు, చుట్టాలు. అన్నీ అయ్యాక పైపు కట్టేసి నా వైపు తిరిగాడు.

"ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారామ్మా?"

"లేరండి."

"మంచిది," అని తాళంచెవి చేతిలో పెట్టాడు.