పాశమైలారం దారిలో ఒక జాకెట్

మాల్‌లో వదులు టీ షర్టు ఒక్కటే పద్దెనిమిది వందలని చూసి ఒళ్లు మండింది. నా దగ్గరున్నది పదిహేను వందలు. అందులోనే రెండు టీ షర్టులు, కార్గో ప్యాంటు, జాకెట్ రావాలి. ఫ్యాక్టరీలుండే పాశమైలారం దారిలో ఆదివారం బట్టలు కుప్పలు పోసి అమ్ముతారని ఆఫీసులో ఒకతను చెప్పాడు. అంత చవకగా ఎందుకిస్తారో చూద్దామనే వెళ్లాను.

ఎనిమిదికి కూకట్‌పల్లిలో సిటీ బస్సెక్కితే తొమ్మిదికల్లా పటాన్‌చెరు. అక్కడి నుంచి షేర్ ఆటో, మనిషికి ముప్పై. “ఏ కంపినీల డూటీ అన్నా?” అన్నాడు డ్రైవరు. బట్టలు కొనడానికన్నాను. “గీడికొచ్చి బట్టలా?” అని నవ్వాడు. ఎందుకైనా మంచిదని పర్సు ముందు జేబులోకి మార్చుకున్నాను.

రోడ్డు పక్క కుప్పల్లో టీ షర్టు నూట యాభై. తడి రుమాలుతో రుద్దితే ఒకదానికి రంగు దిగింది, అది పక్కన పడేసి వేరేవి రెండు తీసుకున్నాను. నాలుగు వందల కార్గో ప్యాంటుకు జిప్పులన్నీ పదేసిసార్లు లాగాను. “కొంటున్నవా, పరీక్ష వెడుతున్నవా అన్నా?” అని విసుక్కున్నాడు దుకాణం ఆయన.

చివర్లో, కుట్టుమిషను ముందు కూర్చున్న ఒకావిడ దగ్గర దొరికింది అసలైనది. మందపాటి నీలం జాకెట్, చేతులకు మెరిసే పట్టీలు, మూడు వందల యాభై. అయితే ఛాతీ మీద దారంతో కుట్టిన ఫ్యాక్టరీ పేరు విప్పేసినా, దాని కింద గుడ్డ వెలిసిపోలేదు, ఆ అక్షరాలు ఇంకా చదవొచ్చు. దొంగసొత్తే అనుకున్నాను.

“ఇదెక్కడిదక్కా?”

“మా ఆయనది. కంపినీ మారిండు, ఆడ వేరే రంగు డ్రెస్ ఇచ్చిండ్రు. ఇగ ఇదేం జేసుకుంట?”

నమ్మలేదు. డబ్బులిచ్చి, ఈ బ్లాగు చదివే మిమ్మల్ని హెచ్చరిద్దామని ఆ అక్షరాలను ఫోటో తీశాను. కెమెరా చప్పుడుకు ఆమె ముఖం పాలిపోయింది.

“ఫోటో ఎందుకన్నా? పాత డ్రెస్ వాపస్ ఇయ్యాలె. రెండు జతలల్ల ఒకటే ఇచ్చిండు. రెండు కంపినీలకు కాంట్రాక్టర్ ఒక్కడే. ఆయన సూస్తే మా ఆయన్ను పనిలకెల్లి తీసేస్తడు.”

వెంటనే ఫోటో చెరిపేశాను. “చూడక్కా, పోయింది.”

“ఫోనిటియ్యి.” చెరిపేసిన ఫోటోలు దాగే చోటు కూడా వెతికి, అక్కడా చెరిపింది. తర్వాత నా డబ్బు నా చేతిలో పెట్టి జాకెట్ లాక్కుంది.

“నిజంగా నచ్చిందక్కా.”

“నిన్నెట్ల నమ్మాలె?” అంటూనే కత్తెరతో ఛాతీ మీది ఆ ముక్క కోసేసింది. అంత మంచి జాకెట్‌కు అరచేయంత చిల్లు. జాకెట్ లేకుండానే తిరిగొచ్చాను.

పొద్దుటి నుంచి నేను ఎవరినీ నమ్మలేదు, అది తెలివనుకున్నాను. ఆమె నన్ను నమ్మకపోయేసరికి మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్లేవాళ్లకు ఒకటే మాట: రంగు చూడండి, జిప్పులు లాగండి, ఫోన్ మాత్రం జేబులోంచి తీయకండి. జాకెట్ రంగు, ఆమె కూర్చునే చోటు నేనిక్కడ మార్చి రాశాను.